మూరెడు మెత్తన

ప్రతి ఏడూ ఈస్టర్‌కు ముందు నలభై రోజుల శ్రమల దినాలు మొదలైతే మా ఇంట్లో టీ ఆగిపోతుంది. దేవుడి కోసం ఇష్టమైనది మానేసేది మా అత్తమ్మ సారమ్మ ఒక్కతే, అనుభవించేది మాత్రం మేమందరం. భస్మ బుధవారం నాడు టీ గ్లాసు బోర్లించిందంటే ఈస్టర్ దాకా తలనొప్పి ఆమెకు, తిట్లు మాకు. రెండో వారానికల్లా నా భర్త స్టీఫెన్ బడి నుంచి ఆలస్యంగా రావడం మొదలుపెడతాడు. నేను ల్యాబులో లేని పని కల్పించుకుంటాను.

ఆ ఏడు మాత్రం భస్మ బుధవారం సాయంత్రం గుడి నుంచి వచ్చి, నుదుటి మీద బూడిద గీత అట్లా ఉండగానే, అల్లం దంచి టీ పెట్టమన్నది. స్టీఫెన్ నా మొహం చూశాడు, నేను అతని మొహం చూశాను. మరి ఈసారి ఏం మానేసిందో అడుగుదామంటే, ఎక్కడ మళ్లీ టీ గుర్తొస్తుందో అని భయం. నేను పాలు కాస్త ఎక్కువే పోసి పెట్టాను.

మాది వరంగల్ కొత్తవాడ. ముందు గదంతా జంపఖానాల మగ్గమే, దాని పక్కనుంచి ఒరుసుకుంటూ ఇంట్లోకి పోవాలి. మగ్గం మీద ఇద్దరు కూర్చుంటారు, కుడివైపు అత్తమ్మ, ఎడమవైపు పక్కింటి కట్టమ్మ. స్టీఫెన్ పుట్టకముందు నుంచీ ఇదే వరస. ఇద్దరి చేతుల్లో పంజాలుంటాయి. ఇనుప పళ్లున్న పెద్ద దువ్వెన లాంటిది పంజా, నేసిన దారాన్ని దానితో కిందికి కొట్టి బిగించాలి. ఇద్దరూ ఒక్కసారే కొట్టాలి, ఒకే బలంతో కొట్టాలి. ఒక పక్క బిగువై ఒక పక్క వదులైతే జంపఖానా వంకర పోతుంది. కాపురానికి వచ్చిన కొత్తలో ఆ మోతకు నాకు తల పగిలేది. ఇప్పుడు ఆ మోత లేని ఆదివారం నాకు లేవబుద్ధి కాదు.

రెండేళ్ల కింద ఒకసారి ఆ మోత నెలల తరబడి ఆగిపోయింది. అత్తమ్మ వేళ్ల కణుపులన్నీ వాచి, పొద్దున లేస్తే కొంగు కూడా సర్దుకోలేకపోయేది. కీళ్లవాతం అన్నారు. హనుమకొండలో డాక్టర్ అరుణ మిగతా మందులతో పాటు ఒక చిన్న తెల్ల మాత్ర రాసింది. అది స్టెరాయిడ్. మా ఇంట్లో దాని పేరు తెల్ల గోలి. వారం తిరిగేసరికి అత్తమ్మ వేళ్లు మడిచి చూపించింది, ఆ పైవారం మగ్గమెక్కింది. మొహం గుండ్రంగా నిండింది. మళ్లీ పెండ్లిపిల్ల కళ వచ్చిందని కట్టమ్మ ఏడిపించేది. రోజూ పొద్దున బైబిలు చదువుకొని, గోలి వేసుకొని, టీ తాగి మగ్గమెక్కడం అత్తమ్మకు అలవాటైపోయింది.

ఆమె టీ మానని ఆ ఏడే గుడిలో పాత జంపఖానా చిరుగులు పడింది. సంస్కారం, అంటే ప్రభువు రొట్టె, ద్రాక్షరసం తీసుకునేటప్పుడు అందరం బల్ల ముందు మోకాళ్లూనేది దాని మీదే. ఈస్టర్ నాటికి కొత్తది నేసిస్తానని అత్తమ్మ సంఘం ముందు లేచి నిలబడి మాటిచ్చింది. కట్టమ్మ పక్కా హిందువు, ఆమె చేతులు కూడా దేవుడికి ఇచ్చేశానని ఇంటికొచ్చాక గానీ ఆమెకు చెప్పలేదు. కట్టమ్మ ఆ పూటంతా సణిగి, మర్నాడు పొద్దున్నే వచ్చి తన చోట కూర్చుంది.

ఇక నా సంగతి. నేను యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్నాను. ఆ తెల్ల గోలి లాంటి హార్మోన్లు కణంలోకి పోయాక ఏం చేస్తాయన్నదే నా పని. శ్రమల దినాలకు వారం ముందు, ఇద్దరం కూర్చొని చిక్కుడుకాయలు గిల్లుతుంటే అత్తమ్మే అడిగింది, ఇంత చిన్న గోలి లోపలికి పోయి ఏం చేస్తుందని. నన్ను ఎవరన్నా ఆ ప్రశ్న అడిగితే చాలు, నేనిక ఆగను.

కణంలో రిసెప్టర్ అని ఒక ప్రొటీన్ ఉంటుందని చెప్పాను. హార్మోన్ వచ్చి అంటుకునేదాకా అది ఓ మూలన ఊరికే ఉంటుంది. అంటుకోగానే లేచి కేంద్రకంలోకి పోతుంది. అక్కడున్న జన్యువుల్లో కొన్నిటిని పని చెయ్యమంటుంది, కొన్నిటిని ఊరుకోమంటుంది. వాపు పుట్టించే జన్యువుల్ని ఊరుకోబెట్టింది కాబట్టే అత్తమ్మ వేళ్లు మడతపడుతున్నాయి. అదే రిసెప్టర్ కొంత మైటోకాండ్రియాలోకి కూడా పోతుంది. కణానికి కావలసిన శక్తి తయారయ్యేది అక్కడే, అది కణం ఇంట్లో పొయ్యి. ఆ పొయ్యికి సొంతంగా కొద్దిపాటి జన్యువులుంటాయి, వాటి మీద కూడా దీని మాట చెల్లుతుంది. ఎంత చెల్లుతుందో, ఎంతకాలం చెల్లుతుందో తేల్చడమే నా థీసిస్.

"అంటే మగ్గం కాడ డిజైన్ కాయిదం సూసెటోడు వాడే, పొయ్యి ఊదెటోడు వాడే" అన్నది అత్తమ్మ.

మా గైడుకు ఈ మాట చెబితే నా థీసిస్ మొదటి అధ్యాయం కొట్టేసి ఇదే రాయమంటాడని నవ్వాను. ఆ ఊపులో ఇంకో మాట కూడా చెప్పాను. ప్రయోగానికి ముందు రెండు రోజులు కణాలకు హార్మోన్ తీసేసిన ఆహారం పెడతాం. అప్పుడే ఆ తర్వాత వేసిన చుక్క ఏం చేసిందో తేటగా కనబడుతుంది. అప్పుడు అవి ఎట్లుంటాయని అత్తమ్మ అడిగింది. చావవు గానీ డీలా పడతాయన్నాను.

"ఉపవాసం పెడ్తానవన్నట్టు" అని అత్తమ్మ చిక్కుడుకాయ చేతిలో పట్టుకొని కాసేపు గిల్లకుండా కూర్చుంది. నాకు అది నా ఉపన్యాసం గొప్పతనం అనిపించింది.

శ్రమల దినాల మొదటివారం హాయిగా గడిచింది. టీ ఉంది, ఇంట్లో శాంతి ఉంది, మగ్గం మోత ఉంది. రెండోవారం అత్తమ్మ అన్నం దగ్గర కూర్చొని మెతుకులు కదపడం మొదలుపెట్టింది. తింటే వాంతి వచ్చేటట్టు ఉందనేది. పొద్దున లేచేటప్పుడు గోడ పట్టుకొని నిలబడేది. మధ్యాహ్నం ఉపవాసం ఎట్లాగూ ఉంటుంది, పైగా మార్చిలోనే వరంగల్ ఎండలు మాడ్చేస్తున్నాయి. స్టీఫెన్ మజ్జిగ తాగమని పోరుపెట్టాడు. నేను ఈ వయసులో ఉపవాసాలేమిటని గట్టిగానే అన్నాను. మెల్లగా అనడం నాకు చేతకాదు. శ్రమల దినాల్లో అత్తమ్మ మమ్మల్ని తిరిగి తిట్టకపోవడం మాకు వింతగా ఉంది.

ఒక శుక్రవారం మా ఇంట్లో ప్రార్థన కూటం జరిగింది. మగ్గం మీద గుడ్డ కప్పి, అందరం దాని చుట్టూ ఇరుక్కొని కూర్చున్నాం. ఉపవాసం ఊరికి చాటుకోవద్దని, మానేసింది ఏదో దేవుడికీ నీకూ మధ్యనే ఉండాలని మా పాస్టరు అయ్యగారు చెప్పారు. అత్తమ్మ బాగా చిక్కిపోయిందని, నిజంగా దేవుడి కోసం ఒళ్లు కరగదీసుకుంటున్నదని అందరూ మెచ్చుకున్నారు. అత్తమ్మ తల వంచుకుంది. అందరూ వెళ్లేటప్పుడు లేవబోయి మళ్లీ కూలబడింది, నేను రెక్క పట్టుకొని లేపాను.

కట్టమ్మకు మాత్రం మెప్పు లేదు, మగ్గం దగ్గర రోజూ తగాదానే. అత్తమ్మ పంజా దెబ్బ పడిపోయిందని, పక్కన పిల్లిని కూర్చోబెట్టుకొని నేస్తున్నట్టుందని సణిగేది. వంటింట్లో ఉంటే నాకూ వినబడేది. ఎడమ మోత గట్టిగా ఉండేది, కుడి మోత మెల్లగా. కొన్నాళ్లకు రెండూ సమానంగా వినబడ్డాయి. అత్తమ్మ కోలుకుంటున్నదని సంతోషించాను. చెవులు ఇంత దగ్గర పెట్టుకొని కూడా, రెండు మోతలూ సమానంగా మెల్లగా ఉన్నాయని నాకు తట్టలేదు.

ఈస్టర్‌కు ముందొచ్చే మట్టల ఆదివారానికి వారం ముందు అత్తమ్మకు జ్వరం తగిలింది. మామూలు జ్వరమే, వీధిలో అందరికీ వచ్చి పోతున్నది. మర్నాడు పొద్దున వద్దంటున్నా వినకుండా మగ్గమెక్కింది. నేను ల్యాబుకు బయలుదేరి చెప్పులు వేసుకుంటుంటే కట్టమ్మ నన్ను పిలిచింది. అరవలేదు, పేరు పెట్టి పిలిచిందంతే. అత్తమ్మ మగ్గం మీదికి ఒరిగి ఉంది. ఒళ్లు చెమటతో చల్లగా ఉంది. పంజా ఇంకా వేళ్ల మధ్యే ఉంది.

డాక్టర్ అరుణ పనిచేసే దవాఖానకే ఆటోలో తీసుకుపోయాం. ఆమె ఇంకా రాలేదు. డ్యూటీలో ఉన్న డాక్టరు బీపీ చూసి, షుగర్ చూసి, రెండూ బాగా పడిపోయాయన్నాడు. ఏం మందులు వాడుతుందని అడిగితే స్టీఫెన్ అన్నీ వరసగా చెప్పాడు, తెల్ల గోలి రోజూ పొద్దున టీకి ముందు వేసుకుంటుందని కూడా చెప్పాడు. అతనికి తెలిసింది అదే, నాకు తెలిసింది కూడా అదే. ఉపవాసం, ఎండ, జ్వరం మూడూ కలిశాయని సెలైన్ పెట్టారు. ఒక బాటిల్ అయిపోయింది. బీపీ లేవలేదు.

నేను మంచం పక్కన నిలబడి అత్తమ్మ మొహం చూస్తున్నాను. ఏదో తేడాగా ఉంది, ఏమిటో తెలియడం లేదు. తర్వాత తెలిసింది. ఆమె దవడ ఎముక కనబడుతున్నది. గోలి మొదలుపెట్టినప్పటి నుంచి నేను ఆ ఎముక చూడలేదు. అన్నం మానితే మనిషి చిక్కుతుంది, నిజమే. కానీ చేతులు ఉన్నట్టే ఉన్నాయి, గోలి వల్ల నిండిన బుగ్గలు మాత్రమే దిగిపోయాయి. ల్యాబులో రెండు రోజులు నేను డీలా పడేసే కణాలు గుర్తొచ్చాయి.

వంగి ఆమె చెవి దగ్గర అడిగాను. "అత్తమ్మా, గోలి వేసుకుంటానవా?"

ఆమె కళ్లు తెరవలేదు.

"ఉపవాసం గదా బిడ్డా" అన్నది.

నేను డాక్టరు దగ్గరికి నడిచి వెళ్లి, శ్రమల దినాలు మొదలైనప్పటి నుంచి ఆమె తెల్ల గోలి వేసుకోవడం లేదని చెప్పాను. ఆయన వెంటనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ తెమ్మని నర్సును పంపాడు. అరుణ మేడం వచ్చేటప్పటికే మందు రక్తంలోకి పోతున్నది. మేడం బీపీ మిషను వైపు చూస్తూ నిలబడింది, మేము మేడం వైపు చూస్తూ నిలబడ్డాం. మధ్యాహ్నానికి అంకెలు మెల్లగా పైకి లేచాయి. సాయంత్రం అత్తమ్మ కళ్లు తెరిచి, ఇక్కడ టీ దొరుకుతుందా అని అడిగింది. స్టీఫెన్ బయటికి పోయి ఏడ్చి, టీ పట్టుకొని వచ్చాడు.

మర్నాడు వార్డులో మేమిద్దరమే ఉన్నప్పుడు నాకు కోపమూ ఏడుపూ రెండూ ఒకేసారి వచ్చాయి. అట్లా వచ్చినప్పుడు నా గొంతు పెద్దదవుతుంది. ఎవరికీ చెప్పకుండా ఎట్లా మానేశావని అడిగాను. చెప్పి చేస్తే అది ఉపవాసం ఎట్లా అవుతుందన్నది. పోనీ ఎప్పటిలాగా టీ మానొచ్చు కదా అన్నాను.

అత్తమ్మ తన వేళ్ల వైపు చూసుకుంది. "టీ ఏం లెక్క? పొద్దుగాల నన్ను లేపేది గోలి. గది పడ్డంకనే నా చెయ్యి లేత్తాంది. నువ్వే చెప్పినవ్ గదా, పొయ్యి ఊదేది గూడ అదే అని. దేవుని బల్లకు నేసేది గోలి బలంతోని నేసిస్తే నా పని ఎట్లయితది? గోలి పని అయితది. నా సొంత బలం ఎంతున్నదో గంతనే నేసి ఇద్దామనుకున్న."

చదువుకున్నదంతా గుర్తుంది, కానీ ఆమె అడిగింది అందులో లేదు. మంచం అంచున కూర్చొని, గొంతు తగ్గించి చెప్పాను.

"గోలిలో ఉన్నట్టిది మన ఒంట్లనే తయారైతది అత్తమ్మా. కిడ్నీల మీద చిన్న చిన్న గ్రంథులుంటయి. రోజూ తెల్లారకముందే అవి చేసి పెడ్తయి, గప్పుడే మనం మంచం దిగుతం. నేనైనా గంతే, స్టీఫెన్ అయినా గంతే, అయ్యగారైనా గంతే. రెండేండ్ల సంది నీకు గోలి చేసిపెడ్తాంది, గందుకే నీ గ్రంథులు పన్నయి. ఒక్కసారి గోలి బంద్ చేస్తే ఇగ ఆడ చేసెటోళ్లెవరు? నువ్వు ఇడిసిపెట్టింది గోలిని కాదు. నీ బలాన్నే ఇడిసిపెట్టినవ్."

అత్తమ్మ నా వైపు తిరిగింది.

"అయ్యగారు గూడ దాంతోనే లేత్తాండా?"

"దాంతోనే."

"మరి పొద్దుగాల ప్రార్థనకు ఎందుకు ఆలస్యమైతాండు?"

పక్క మంచం మనిషి లేచి చూసేటంతగా నవ్వాను. తర్వాత ఆమె చెయ్యి పట్టుకొని ఏడ్చాను కూడా. నువ్వు లేకపోతే నాకు ఆ ఇంట్లో ఏముందని అడిగాను. మీ ఆయన ఉన్నాడుగా అన్నది. ఆ సంగతి స్టీఫెన్‌కు ఇప్పటికీ చెప్పలేదు.

ఇంటికి పంపేటప్పుడు అరుణ మేడం అత్తమ్మను కూర్చోబెట్టి, గోలి ఒక్కనాడు కూడా తప్పొద్దని, జ్వరం వస్తే తనను అడిగి ఎక్కువ వేసుకోవాలని చెప్పింది. కావాలంటే నెలల మీద కొంచెం కొంచెంగా తగ్గిద్దాం, మీ గ్రంథులు నిద్ర లేవడానికి టైం ఇవ్వాలన్నది. అత్తమ్మ బుద్ధిగా తలూపింది. దేవుడికి ఇచ్చింది వాపసు తీసుకోవడం ఎట్లా అన్న బెంగ మాత్రం పోలేదు. దానికి నేను అయ్యగారిని పిలుచుకొచ్చాను. ఆయన అంతా విని, అత్తమ్మ తల మీద చెయ్యి పెట్టి, దేవుడు మీ టీ తీసుకుంటాడు సారమ్మగారూ, మందులు తీసుకోడు అన్నారు. ఆ క్షణం నుంచి మా ఇంట్లో టీ బంద్. మిగిలిన శ్రమల దినాలు మేం ఎప్పటిలాగే తిట్లు తిన్నాం, ఎన్నడూ లేనంత సంతోషంగా తిన్నాం.

మట్టల ఆదివారం తర్వాత అత్తమ్మ మగ్గం దగ్గరికి వచ్చింది. పంజా పట్టుకోకముందు, తాను డీలా పడ్డ వారాల్లో నేసిన చోట అరచేత్తో నిమిరింది. మూరెడు మేర నేత వదులుగా, వేలితో నొక్కితే దిగేటట్టు ఉంది. దాని కింద, గోలి వేసుకుంటూ నేసినదంతా చెక్కలాగా బిగువుగా ఉంది. విప్పి మళ్లీ నేయడానికి వ్యవధి లేదు.

"మంచిగ లేకున్నా గిదొక్కటే నా సొంతం" అన్నది అత్తమ్మ.

కట్టమ్మ అప్పుడే వచ్చి తన చోట కూర్చుంటున్నది. "నీ సొంతమా? ఎడమ దిక్కు ఎవ్వలు నేసిండ్రే? నా దెబ్బ గట్టిగ పడ్తే నీ దిక్కు వంకర పోతాంది. నీకు సమానం కొట్టాలని చెయ్యి బిగబట్టి బిగబట్టి నా భుజం పడిపోయింది."

అప్పుడు నేను దగ్గరికి పోయి చూశాను. ఆ మూరెడులో కుడివైపు ఎంత వదులుగా ఉందో ఎడమవైపూ అంతే వదులుగా ఉంది. ఎక్కడా వంకర లేదు. సణుగుతూ సణుగుతూనే కట్టమ్మ అన్నాళ్లూ తన బలం దాచుకొని నేసింది. నాకు వంటింట్లో వినబడిన ఆ సమానమైన మోత అదే.

అత్తమ్మ కట్టమ్మ భుజం మీద చెయ్యి వేసి కాసేపు పిసికింది. కట్టమ్మ సిగ్గుపడి, పిసికింది చాలు, పంజా పట్టమన్నది. ఆ వారమంతా ఇద్దరూ కొద్దికొద్దిసేపు కూర్చొని, అలసిపోతే ఆగి, ఈస్టర్ ముందు శనివారం జంపఖానాను మగ్గం మీంచి దించారు. ఎరుపు మీద తెల్ల సిలువలు. స్టీఫెన్ దాన్ని భుజాన వేసుకొని గుడికి మోసుకుపోయాడు.

ఈస్టర్ పొద్దున గుడి నిండిపోయింది. జంపఖానాను బల్ల ముందు పొడవునా పరిచారు. కట్టమ్మ కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడింది. పండుగ చూడడానికి కాదు, ఎవరన్నా చెప్పులతో తొక్కుతారేమో కాపలా కాయడానికని చెప్పింది. సంస్కారానికి పిలిచినప్పుడు మేం లేచి ముందుకు నడిచాం. ఆ వదులు నేత ఎక్కడుందో అత్తమ్మకు చూడకుండానే తెలుసు. సరిగ్గా ఒక మనిషి మోకాళ్లూనేటంత చోటు. నేరుగా అక్కడికే పోయింది. తన సొంతమన్న చోటే మోకరిస్తుందని నేను అనుకున్నాను.

కానీ అక్కడ ఆగి వెనక్కి తిరిగింది. మోకాళ్ల నొప్పులతో కుంటుకుంటూ వస్తున్న అయ్యగారి ముసలి తల్లిని చెయ్యి పట్టి తీసుకొచ్చి ఆ మెత్తటి చోటుకు చేర్చింది. ముసలామె మోకాళ్లు ఆనించి, హాయిగా ఉందన్నట్టు ఊపిరి వదిలింది. అత్తమ్మ పక్కకు జరిగి చెక్కలాంటి బిగువు నేత మీద మోకాళ్లూనింది. కీళ్లు పటపటమన్నాయి. నేను ఆమె పక్కన మోకరించాను. ఊరుకుందామనుకున్నాను, కానీ ఊరుకోవడం నాకెప్పుడు చేతనైంది?

"అత్తమ్మా, నీ సొంతంది ఆమెకిచ్చి గోలిది నువ్వు తీస్కున్నవేంది?" అన్నాను చెవిలో.

అత్తమ్మ కళ్లు మూసుకొనే ఉంది.

"అది కట్టమ్మది గూడ. ఇది గోలిది గూడ. రెండిట్ల నేనున్న గదా, సాలు" అన్నది. "ఇగ కండ్లు మూస్కో."

నేను కళ్లు మూసుకున్నాను. కొత్త నూలు వాసన వస్తున్నది, ఆమె భుజం నా భుజానికి తగులుతున్నది.